"మట్టిలో మాణిక్యం" హెడ్డింగ్ చూసి రాస్తున్న ఉత్తరం

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో అడుగున కుడివైపు ఒక బాక్స్ వేశారు కదండీ, "మట్టిలో మాణిక్యం" అని, పెరూ దేశపు కెచువా నటి, గాయని మగాలి సోలియర్ గురించి. ముందు థాంక్స్ చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు తెలుగు పేపర్లో చూడటం నాకిదే మొదటిసారి, పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి మరీ చదివాను. చదివాక మాత్రం ఒళ్ళు మండింది. రెండ్రోజులు ఆగి చూశా, తగ్గుతుందేమోనని, తగ్గలేదు, అందుకే రాస్తున్నా. పెద్ద ఉత్తరమే అవుతుంది, మీకు చోటు లేకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి కానీ చివర తా.క. ఒకటి ఉంటుంది, అది మాత్రం తియ్యొద్దు.

ఆ బాక్సులో మొత్తం ఆరు వాక్యాలున్నాయి, లెక్కపెట్టాను. డైరెక్టర్ ఆవిడని "కనిపెట్టింది". డైరెక్టర్ "తీసుకొచ్చింది". డైరెక్టర్ "తీర్చిదిద్దింది". సినిమా "నిలబెట్టింది". అదృష్టం "వరించింది". ఇక ఆరు వాక్యాల్లోనూ మగాలి తనంతట తాను చేసిన పని ఒకే ఒక్కటుంది, అవార్డు తీసుకునేటప్పుడు స్టేజి మీద "ఏడ్చేసింది". అయ్యా, ఆవిడ ఆ స్టేజి మీద పాడింది! 2009 ఫిబ్రవరిలో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్లో ఆ సినిమాకి గోల్డెన్ బేర్, అంటే అక్కడి అన్నిటికన్నా పెద్ద బహుమతి, ఇచ్చినప్పుడు ప్రపంచం మొత్తం నుంచి వచ్చిన సినిమా వాళ్ళ ముందు నిలబడి కెచువాలో పాట ఎత్తుకుంది. ఆవిడ గురించి ఒక్క ముక్కే చెప్పే చోటుంటే చెప్పాల్సిన ముక్క అదీ, దాన్ని వదిలేసి ఏడుపు రాశారు.

వీధిలో తిండి అమ్ముకుంటుంటే డైరెక్టర్ కంట్లో పడిందన్న కథ అబద్ధం అనట్లేదు, నిజమే. హువాంటా అనే ఊళ్ళో, అయాకుచో ప్రాంతంలో, క్లాడియా యోసా తన మొదటి సినిమాకి అమ్మాయి కోసం వెతుకుతూ వెళ్ళి చూసింది. కానీ ఆ రోజుకి ముందు కూడా ఆ పిల్లకొక జీవితం ఉంది కదా. 1986 జూన్ 11న పుట్టింది. 1986లో హువాంటాలో పుట్టడం అంటే ఏంటో మీ రిపోర్టరు ఒక్క లైను రాసుంటే ఆ బాక్సు మొత్తం వేరేగా ఉండేది.

ఏంటంటే, 1980 మే 17న అదే అయాకుచో ప్రాంతంలో చుస్చి అనే పల్లెలో ఎన్నికల ముందురోజు బ్యాలెట్ బాక్సులు తగలబెట్టి షైనింగ్ పాత్ అనే మావోయిస్టు గెరిల్లాలు యుద్ధం మొదలెట్టారు. ఆ తర్వాత సైన్యం దిగింది. ఇటు వాళ్ళు, అటు వీళ్ళు, మధ్యలో రైతులు. హువాంటా ఊరి స్టేడియంని నేవీ వాళ్ళు తమ బేస్ చేసుకున్నారు, ఫుట్‌బాల్ ఆడుకోవాల్సిన చోటికి మనుషుల్ని పట్టుకుపోయారు, అందులో తిరిగి రానివాళ్ళున్నారు. 2003లో సత్యశోధన, సయోధ్య కమిషన్ రిపోర్టు ఇచ్చింది, 1980 నుంచి 2000 వరకు చనిపోయినవాళ్ళు, కనిపించకుండా పోయినవాళ్ళు కలిపి 69,280 మంది ఉంటారని అంచనా వేసింది. అందులో 40 శాతం పైగా ఒక్క అయాకుచో వాళ్ళే. ప్రతి నలుగురిలో ముగ్గురి మాతృభాష కెచువా, కాకపోతే ఇంకో స్థానిక భాష. అంటే ఆ యుద్ధం ఏ భాష మాట్లాడేవాళ్ళని తినేసిందో ఆ భాషలో ఆ మధ్యలో పుట్టిన పిల్ల ఈవిడ. ఇదంతా మీ హెడ్డింగులో "మట్టి" అనే ఒక్క మాట కింద కప్పేశారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, కొంచెం పక్కదారే అయినా. అదే హువాంటా ప్రావిన్సులో ఉచురక్కాయ్ అనే పల్లెలో 1983 జనవరిలో 8 మంది జర్నలిస్టుల్ని చంపేశారు, వాళ్ళని షైనింగ్ పాత్ మనుషులనుకుని ఊరివాళ్ళే చంపారని తేలింది. దాని మీద ప్రభుత్వం వేసిన కమిషన్‌కి పెద్ద ఎవరనుకున్నారు, తర్వాత నోబెల్ తీసుకున్న రచయిత మారియో వర్గాస్ యోసా. కొండల మీద జనాన్ని కాలం ఆగిపోయినవాళ్ళలా చూపించారని ఆ రిపోర్టుని చాలామంది తిట్టారు. మన డైరెక్టర్ క్లాడియా యోసా ఆయనకి బంధువే. ఆవిడ తీసిన మొదటి సినిమా 2006లో వచ్చిన "మదెయినుసా", మగాలికి కూడా అదే మొదటిది, ఆ సినిమా మీద కూడా అచ్చం అదే గొడవ. ఒక కొండపల్లె, గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ దాకా దేవుడు చనిపోయి ఉంటాడు కాబట్టి ఆ రోజుల్లో ఏం చేసినా పాపం అంటదని నమ్మే జనం, కూతురి మీద కన్నేసిన తండ్రి. రాజధాని లిమాలో కూర్చున్నవాళ్ళు కొండవాళ్ళ గురించి ఏం ఊహించుకుంటారో అదే తీశారని పెరూలో చాలామంది మండిపడ్డారు, నాకూ అందులో సగం న్యాయం ఉందనే అనిపిస్తుంది. ఆ ఊరి పేరు మాత్రం భలే పెట్టారు, మనయాయ్‌కునా, కెచువాలో "లోపలికి రాకూడని చోటు" అని. హీరోయిన్ పేరేమో మదెయినుసా, అంటే చొక్కా కాలర్ వెనక లేబుల్ మీద ఉండే "మేడ్ ఇన్ యూఎస్ఏ"నే కలిపి చదివితే వచ్చే పేరు, పెరూలో నిజంగానే పిల్లలకి అలా పెట్టుకుంటారు. ఇన్ని లోపాలున్న ఆ సినిమాలో కూడా మగాలి మొహం చూస్తే ఆ పిల్ల అమాయకురాలు అని ఎవరూ అనుకోలేరు. తెలివైన పిల్ల, ఆఖర్న ఏం చేస్తుందో చూస్తే తెలుస్తుంది, నేను చెప్పను.

రెండో సినిమాకి వస్తాను, గోల్డెన్ బేర్ వచ్చిందదే. దాని పేరే మీరు రాయలేదు! స్పానిష్‌లో "లా తేతా అసుస్తాదా", తెలుగులో అనాలంటే "బెదురు పాలు" అనొచ్చేమో. యుద్ధంలో పాడుచెయ్యబడ్డ ఆడవాళ్ళ భయం పాలలోంచి పిల్లలకి దిగుతుందని అయాకుచో వైపు ఒక నమ్మకం, కింబర్లీ థైడన్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్టు అక్కడి పల్లెల్లో తిరిగి రాసుకున్నవాటిలోంచి ఆ మాట సినిమాలోకి వచ్చింది. అందులో మగాలి వేసిన పాత్ర ఫౌస్తా. తల్లికి జరిగింది తనకి జరక్కూడదని ఒంట్లోపల, ఆడవాళ్ళ చోట, ఒక బంగాళాదుంప పెట్టుకుంటుంది. చదవడానికి ఎబ్బెట్టుగా ఉందని మీ వాళ్ళు ఇది వదిలేశారేమో తెలీదు, సినిమాలో మాత్రం ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండదు, ఆ దుంప మొలకలేస్తుంటే ఆ పిల్ల చిన్న కత్తెర తీసుకుని కత్తిరించుకుంటుంది, గోళ్ళు తీసుకున్నంత మామూలుగా. వీధిలో నడిచేటప్పుడు గోడకి అంటుకుని నడుస్తుంది. సినిమా మొదలయ్యేదే నల్లటి తెర మీద ఒక ముసలావిడ పాటతో, తనకేం జరిగిందో కెచువాలో పాడుతుంటుంది, ఆ తల్లి చనిపోతుంది, ఊరికి తీసుకెళ్ళి పూడ్చడానికి డబ్బుల్లేవు. వాళ్ళుండేది లిమా ఊరిచివర మాంచాయ్ అనే గుట్టల్లో, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఎక్కువగా కట్టుకున్న పేట. మాంచాయ్ అంటే కెచువాలో భయం అనే అర్థం ఉంది.

డబ్బుల కోసం ఫౌస్తా ఒక పెద్దింట్లో పనికి చేరుతుంది. ఆ ఇంటావిడ పియానో కళాకారిణి, కచేరీ దగ్గర పడింది, కొత్త బాణీ ఒక్కటీ రావట్లేదు. పనిపిల్ల వంటగదిలో తనలో తాను పాడుకుంటుంటే వింటుంది. అప్పుడే ఆవిడ ముత్యాలదండ తెగి ముత్యాలు చెల్లాచెదురైపోయుంటాయి. బేరం పెడుతుంది, పాట పాడితే ఒక ముత్యం, దండ పూర్తయితే మొత్తం నీదే అని. ఫౌస్తా పాడుతుంది. పెద్దావిడ ఆ బాణీ తీసుకెళ్ళి పియానో మీద వాయిస్తుంది, హాలంతా చప్పట్లు. తిరిగొచ్చేటప్పుడు కారులో వెనక సీట్లో కూర్చున్న ఫౌస్తా, సంబరంగానే పాపం, వాళ్ళకి నచ్చింది కదా అన్నట్టు ఒక చిన్న మాట అంటుంది. అంతే. కారు ఆపించి, చీకట్లో, నడిరోడ్డు మీద దింపేస్తుంది. ముత్యాలూ ఇవ్వదు.

ఇప్పుడు మీ హెడ్డింగ్ ఇంకోసారి చదువుకోండి. మాణిక్యం.

ఆ సినిమాలో ఫౌస్తా పాడే కెచువా పాటల్ని తయారు చెయ్యడంలో కూడా మగాలి చెయ్యి ఉంది, ప్లేబ్యాక్‌కి పెదాలు కదిపిన హీరోయిన్ కాదు, ఆ గొంతు ఆవిడదే. అందులో ఒక పాట ఉంది, వాయిద్యగాళ్ళు జలకన్యతో ఒప్పందం చేసుకుంటారని, ఆ విద్య ఎన్నేళ్ళుంటుందో తేల్చడానికి గుప్పెడు కినోవా గింజలు తేవాలి, జలకన్య లెక్కపెడుతుంది, ఎన్ని గింజలో అన్నేళ్ళు. కినోవా చూశారుగా, ఆవగింజంత ఉంటుంది, లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగొచ్చి వదిలేస్తుందట, విద్య వాయిద్యగాడికే ఉండిపోతుందట. ఒక పక్క ఇలాంటి లెక్క, ఇంకో పక్క పాటకో ముత్యం లెక్క. ఒక పనిపిల్ల దగ్గర పాట తీసుకుని పేరు మాత్రం తనది వేసుకున్న పెద్దింటి కథలో నటించిన మనిషి గురించి రాస్తూ, ఆవిడ పాటల సంగతి ఒక్క ముక్క రాయకుండా, ఎవరో ఏరుకున్న రత్నంలా రాశారు. కావాలని చేశారని అనను, అలవాటులో చేశారు.

ఆ సినిమా 2010లో ఆస్కార్‌కి నామినేట్ అయింది, విదేశీ భాషా చిత్రం కేటగిరీలో, పెరూ నుంచి ఆ గౌరవం దక్కిన మొట్టమొదటి సినిమా అదే. అవార్డు మాత్రం అర్జెంటీనాకి పోయింది.

భాష సంగతి కూడా చెప్పాలి. మీరు "ఒక గిరిజన యాస" అని రాశారు. యాస కాదండీ. ఇంకాల రాజ్యం అంతటా నడిచిన భాష, ఇవాళ్టికీ పెరూ, బొలీవియా, ఈక్వడార్ అన్నీ కలిపితే దగ్గరదగ్గర 80 లక్షల నుంచి కోటి మంది మాట్లాడతారని చెబుతారు. పెరూలోనే 2017 జనాభా లెక్కల్లో 37 లక్షల పైచిలుకు మంది మా మాతృభాష కెచువా అని రాయించుకున్నారు. 1975లో జనరల్ వెలాస్కో ప్రభుత్వం దాన్ని అధికార భాష చేసింది. కాగితం మీద. 2006లో కుస్కో నుంచి గెలిచిన ఇద్దరు ఆడవాళ్ళు, హిలారియా సుపా, మరియా సుమిరే, పార్లమెంట్లో కెచువాలో ప్రమాణం చేస్తే పెద్ద గొడవైంది. ప్రభుత్వ టీవీలో కెచువా వార్తలు రావడానికి 2016 డిసెంబర్ దాకా పట్టింది, ఆ ప్రోగ్రాం పేరు "ఞొఖాంచిక్".

ఆ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. ఎందుకంటే దాని అర్థం "మనం". కెచువాలో మనకి లాగే మనం వేరు, మేము వేరు! ఞొఖాంచిక్ అంటే మనం, ఞొఖాయ్‌కు అంటే మేము. స్పానిష్‌కి ఆ తేడా లేదు, ఇంగ్లీషుకి లేదు. క్రియ వాక్యం చివరికి రావడం, మాటకి మాట తోకలు తగిలించుకుంటూ పోవడం, అన్నీ మనకి తెలిసినట్టే ఉంటాయి, రెండు భాషలకీ చుట్టరికం ఏమీ లేకపోయినా. ఇంకో ముచ్చట, మన "అట" ఉంది చూడండి, వస్తాడు అంటే నాకు తెలిసి చెప్తున్నా, వస్తాడట అంటే ఎవరో చెప్పగా విన్నా. వాళ్ళకీ అచ్చం అలాంటి తోకే ఉంది. హమున్ఖమ్ అంటే వస్తాడు, హమున్ఖస్ అంటే వస్తాడట. ఇందాక జలకన్య దగ్గర నేను "అట" అన్నది చూశారా, అదీ. లిమా డైరెక్టర్లకి, బెర్లిన్ జ్యూరీకి వివరించి చెప్పాల్సింది తెలుగువాడికి ఊరికే అర్థమవుతుంది, అలాంటిది మనం ఇంగ్లీషు వెబ్‌సైట్ల కళ్ళతో చూసి "యాస" అని రాసుకుంటున్నాం.

ఇక కెచువా మాతృభాషగా పెరిగినవాళ్ళు స్పానిష్ మాట్లాడితే ఏమవుతుందో తెలుసా, వాళ్ళ భాషకి మూడే అచ్చులు, అ, ఇ, ఉ. స్పానిష్‌లో ఎ, ఒ కూడా ఉన్నాయి కాబట్టి తడబడతారు, ఎ ఉన్నచోట ఇ వస్తుంది, ఒ ఉన్నచోట ఉ వస్తుంది. అంత చిన్నదానికి లిమాలో వాళ్ళని "మోతోసో" అని వెక్కిరిస్తారు, స్కూళ్ళలో, ఆఫీసుల్లో, బస్సుల్లో. చాలామంది తల్లిదండ్రులు పిల్లలకి కెచువా నేర్పకపోవడానికి ఈ వెక్కిరింత కూడా ఒక కారణం. దాని మధ్యలోంచి వచ్చిన మనిషి అదే భాషలో పాడి అంతర్జాతీయ స్టేజీ ఎక్కింది.

"మగాయానేస్" అని 2015లో వచ్చిన సినిమా ఉంది, సాల్వదోర్ దెల్ సొలార్ తీశాడు, ఈయన తర్వాత సాంస్కృతిక మంత్రి అయ్యాడు, 2019లో కొన్ని నెలలు పెరూ ప్రధానమంత్రిగా కూడా చేశాడు, నమ్మండి. అందులో మగాలి సెలీనా అనే ఆవిడ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు అయాకుచోలో ఒక కర్నల్ ఎత్తుకుపోయి ఉంచుకుంటాడు, ఏళ్ళ తర్వాత లిమాలో ఆ కర్నల్ దగ్గర పనిచేసిన మాజీ సైనికుడి ట్యాక్సీలోనే ఆవిడ ఎక్కుతుంది. ఆఖర్లో పోలీస్ స్టేషన్‌లో సీను. అందరూ డబ్బు గురించి, సెటిల్మెంట్ గురించి మాట్లాడుతుంటారు, ఆవిడ ఒక్కసారిగా లేచి కెచువాలో మొదలెడుతుంది, ఆపకుండా, కళ్ళు ఎర్రబడి, వేలు చూపిస్తూ. అప్పుడు సబ్‌టైటిల్స్ మాయమైపోయాయి.

నేను అది రాత్రి పదకొండింటికి లాప్‌టాప్‌లో చూస్తున్నా, పక్కన మా అత్తయ్య కూర్చుని ఉన్నారు, నిద్ర పట్టక. సబ్‌టైటిల్స్ ఫైల్ పాడైందనుకుని సినిమా ఆపేసి, ఇంకో ఫైల్ వెతికి, అందులోనూ లేక, ఇంకోటి దించి, పావుగంట తంటాలు పడ్డాను. మూడింట్లోనూ ఆ చోట ఖాళీయే. అప్పటికి గానీ బుర్రకెక్కలేదు, కావాలనే పెట్టలేదని. ఆ గదిలో ఉన్న పోలీసులకి, లాయరుకి, మాజీ సైనికుడికి ఆ మాటలు ఎలా వినపడ్డాయో మనకీ అలాగే వినపడాలని. సినిమా మళ్ళీ నడిపించా. అత్తయ్యకి స్పానిషూ రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్సూ చదవరు, మొదట్నుంచీ నేను ముక్కముక్క చెప్తుంటే వింటున్నారు. ఆ సీను అయ్యాక "ఇదేంటే, ఇది చెప్పలేదేం" అన్నారు. "నాకూ తెలీదు అత్తయ్యా, వాళ్ళు రాయలేదు" అన్నా. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "దీనికి రాసేదేముందిలే" అన్నారు. కెచువా తెలిసినవాళ్ళు హాల్లో ఉండుంటే వాళ్ళకి మాత్రం ప్రతి మాటా అర్థమయ్యుంటుంది, ఆ రెండు మూడు నిమిషాలు సినిమా వాళ్ళదే.

మీరు "ఒక్క సినిమాతో మెరిసి మాయమైన తార" అని కూడా అన్నారు. అదెక్కడిదో అర్థం కాలేదు. 2009లోనే "అల్తిప్లానో" చేసింది, బెల్జియం డైరెక్టర్లది, పాదరసం ఒలికి ఊరంతా రోగాలపాలైన కథ. ఉత్తర పెరూలో చొరోపాంపా దగ్గర 2000 జూన్‌లో బంగారు గని వాళ్ళ లారీలోంచి నిజంగానే పాదరసం రోడ్డుపొడుగునా ఒలికిపోయింది, జనం అదేదో వెండిలా మెరుస్తోందని చేతుల్తో ఎత్తుకుని ఇంటికి తెచ్చుకున్నారు, ఆ సంఘటన ఆధారంగా పుట్టిన సినిమా అది. 2010లో స్పెయిన్‌లో "అమదోర్", మాడ్రిడ్‌లో ఒక ముసలాయన్ని చూసుకునే వలసవచ్చిన అమ్మాయి, ఆయన పోయాక జీతం ఆగిపోతుందని ఎవరికీ చెప్పదు. 2011లో "బ్లాక్‌థార్న్", బొలీవియాలో శామ్ షెపర్డ్ పక్కన. 2017లో "రెతాబ్లో", ఇది దాదాపు మొత్తం కెచువాలోనే. రెతాబ్లో అంటే అయాకుచో వాళ్ళ బొమ్మలపెట్టె, రెండు తలుపులున్న చెక్కపెట్టెలో వేళ్ళంత బొమ్మలు, ఉడికించిన బంగాళాదుంపలో జిప్సం పొడి కలిపి పిసికి చేస్తారు. అందులో ఆవిడ తల్లి పాత్ర. మొదట్లో కూతురుగా చేసిన మనిషి పదేళ్ళలో తల్లి అయింది, మాయమవ్వలేదు.

ఆల్బమ్స్ గురించి అయితే అసలు ఊసే లేదు. 2009లో "వర్మి", అంటే ఆడది. తన పాటలే, ఎక్కువ భాగం కెచువాలో. 2015లో "కోకా కింతుచా". కింతు అంటే కొండదేవతలకి సమర్పించే మూడు కోకా ఆకులు, చివర "చా" ముద్దుగా పిలవడానికి. ఫోన్‌లో "వర్మి" పెట్టుకుని వంట చేసుకుంటుంటా నేను, ఒక్క మాటా రాదు గానీ పోపు మాడిపోయిన రోజులున్నాయి. అయాకుచో వైపు వేఞో అనే జానపద పాటలకి ఏడుపు జీర ఎక్కువని అంటారు, ఈవిడ గొంతులో ఏడుపు కన్నా కోపం ఎక్కువ వినిపిస్తుంది నాకు. 2017లో యునెస్కో వాళ్ళు ఆర్టిస్ట్ ఫర్ పీస్ అని గౌరవించారు, అది కూడా మీ బాక్సులో లేదు.

ఇంకో సంగతి. 2014లో లిమా మెట్రోపొలితానో బస్సులో ఒకడు ఆవిడ వెనక నిలబడి వెధవ పని చేస్తుంటే నోరు మూసుకుని దిగిపోలేదు, నిలదీసి పోలీస్ కంప్లైంట్ ఇచ్చింది. పేరున్న నటి బయటికొచ్చి చెప్పేసరికి దేశమంతా మాట్లాడుకున్నారు, మరుసటి ఏడాది మార్చిలో వీధి వేధింపుల మీద పెరూలో చట్టం వచ్చింది, 30314 నంబరు. ఈవిడ ఒక్కదాని వల్లే వచ్చిందనను, అంతకుముందు నుంచే ఎంతోమంది ఆడవాళ్ళు కొట్లాడుతున్నారు. తర్వాత సొంత జీవితంలో ఆవిడకి కష్టకాలం వచ్చినప్పుడు అక్కడి గాసిప్ కెమెరాలు వెంటపడి వెంటపడి చూపించాయి, నేను ఆ వీడియోలు ఒకట్రెండు చూసి ఆపేశా, మీరు వాటి జోలికి వెళ్ళలేదు, అందుకు మాత్రం నిజంగా మీకు దండం.

ఈ "మట్టి" గోల కొత్తదేం కాదు, ఇంతకుముందు తిరగేసి ఉండేది. 1950లో ఇమా సుమాక్ అని పెరూ గాయని అమెరికాలో రికార్డు విడుదల చేసింది, నాలుగు ఆక్టేవ్‌లు దాటే గొంతు, హాలీవుడ్ సినిమాల్లో కూడా చేసింది. ఆవిడని అమ్మింది ఎలాగంటే ఇంకా రాజు అతవల్ప వంశంలో పుట్టిన రాకుమారి అని, నెత్తిన ఈకలు, మెడలో బంగారం. కొందరైతే కాదు కాదు, ఆవిడ బ్రూక్లిన్‌లో ఉండే ఏమీ కామస్ అనే గృహిణి, పేరు తిరగేసి చదవండి అని పుకారు పుట్టించారు. రాకుమారి, లేకపోతే మోసగత్తె. ఇప్పుడేమో మట్టి, లేకపోతే మాణిక్యం. పాడటం వచ్చిన ఒక ఆడమనిషి, బాగా సాధన చేసింది, అని ఎందుకు రాయలేరో నాకు తెలీదు.

అయాకుచోలోనే ఇప్పుడు రెనాతా ఫ్లోరెస్ అని ఇంకో పిల్ల ఉంది, 2015లో పద్నాలుగేళ్ళ వయసులో మైకేల్ జాక్సన్ పాట కెచువాలో పాడి వీడియో పెట్టింది, లక్షలమంది చూశారు, ఇప్పుడు కెచువాలో ట్రాప్, హిప్‌హాప్ చేస్తోంది. ఆ పిల్ల గురించి కూడా ఎప్పుడో ఒకరోజు మీరు బాక్సు వేస్తారు, వెయ్యండి, నేను చదువుతా. "కొండల్లో కోయిల" అని మాత్రం పెట్టకండి, చేతులెత్తి వేడుకుంటున్నా.

నేనడిగేది పెద్దదేం కాదు. సవరణ వేస్తే మూడు లైన్లు చాలు, సినిమా పేరు, రెండు ఆల్బమ్స్ పేర్లు, కెచువా యాస కాదు భాష అని. "ఏడ్చేసింది" తీసి "పాడింది" అని పెట్టండి.

ఇట్లు,
ప్రతి ఆదివారం మీ సినిమా పేజీ ముందు చదివి తర్వాత మిగతా పేపరు చదివే
ఒక పాఠకురాలు

తా.క.: ఫోటో సంగతి. మీరు బాక్సులో వేసిన ఫోటో మగాలి సోలియర్‌ది కాదండీ. ఆవిడ యలిట్సా అపారిసియో, మెక్సికో నటి, 2018లో వచ్చిన "రోమా" సినిమాలో చేసింది, 2019లో ఉత్తమ నటి ఆస్కార్‌కి నామినేట్ అయింది. వాళ్ళది ఓహాకా వైపు, తండ్రి మిష్టెక్, తల్లి త్రికి, కెచువాకి వాళ్ళకి సంబంధం లేదు, ఓహాకా నుంచి హువాంటా నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. ఫోటో కింద పేరు మాత్రం స్పెల్లింగ్ తప్పు లేకుండా వేశారు.